ముట్టుకుంటే గాని నమ్మని మనిషి

పెద్దాయన పోయారని మా ఆయన ఫోన్లో చదివి చెప్పినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఎవరు చూశారు?" అని.

"గ్రూపులో పెట్టారు" అన్నారు మా ఆయన, పెసరట్టు తుంచుకుంటూ.

"పెట్టినవాళ్లు చూసి పెట్టారా, విని పెట్టారా?"

"మనిషి పోయినా ఆయన పూనకం నిన్ను వదల్లేదు" అని నవ్వారు.

నిజమే. ఆ ప్రశ్న నాది కాదు, పెద్దాయనది. మధ్యాహ్నం వాళ్లబ్బాయికి ఫోన్ చేస్తే నిజమేనండి అన్నాడు. నిద్రలో పోయారట. అదీ నాకు అనుమానంగానే ఉంది. మూడు వారాలు ఒకే లాడ్జిలో పక్కపక్క గదుల్లో ఉన్నాం, ఆయన పూర్తిగా నిద్రపోయారని నాకెప్పుడూ అనిపించలేదు.

మా వైపు మగవాళ్లకి నలభై దాటాక ఏదో ఒక పిచ్చి పడుతుంది. కొందరికి పందెం కోళ్లు, కొందరికి సర్పంచి పదవి. రొయ్యల చెరువులు చూసుకునే మా ఆయనకి విమానం పట్టింది. మూడేళ్లు తీరిక దొరికినప్పుడల్లా వెళ్లి నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నారు. అంతటితో ఊరుకుంటారనుకున్నాను. ఊరుకోలేదు. కర్ణాటకలో ఎప్పుడో మూతపడిన ఒక శిక్షణ స్కూలు షెడ్డులో, తొమ్మిదేళ్లుగా కదలకుండా పడున్న ఇద్దరు పట్టే చిన్న విమానాన్ని కొన్నారు. దాన్ని బాగుచేయించి, తనే నడుపుకుంటూ రాజమండ్రి దగ్గర మధురపూడికి తెచ్చుకోవాలని ఆయన కోరిక. పెనుగొండలో మా అత్తగారు ఈ మాట విని, "ఎగిరేది దొరకలేదా నాన్నా?" అని మాత్రం అన్నారు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. పైకి వెళ్లినవి కిందికి ఎందుకు వస్తాయో ఏటా కొత్త పిల్లలకి వివరించే పని నాది. ఆ విమానం ఫోటో చూసిన రోజు నుంచి నాకు ఒకటే భయం, ఈ తుప్పు పెట్టె మా ఆయన్ని చంపుతుందని. దాన్ని బాగుచేయడానికి ఎవరో ముసలాయన్ని కుదిర్చారని విన్నాక భయానికి అనుమానం తోడైంది. వేసవి సెలవులు రాగానే నేనూ వస్తానన్నాను. "అక్కడ నీకేం పని?" అన్నారు మా ఆయన. చూడటమే పని అన్నాను.

షెడ్డు తలుపు తీసేసరికి పెద్దాయన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నారు. నల్లగా, సన్నగా, ఖాకీ నిక్కరూ బనియనూ, మెడలో తాడుకు వేలాడే టార్చిలైటు. డెబ్బైకి దగ్గర్లో ఉంటారు. వచ్చి నాలుగు రోజులైందట. విమానానికి ఒక్క స్క్రూ కూడా విప్పినట్టు లేదు.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను.

"చూస్తున్నానమ్మా."

"నాలుగు రోజుల్నించీ చూస్తున్నారా?"

ఆయన ఒడిలో ఉన్న పాత పుస్తకం చూపించారు. "ఇందులో రబ్బరు గొట్టాలన్నీ మార్చామని రాశారమ్మా. గొట్టాలు చూస్తే మార్చినట్టు లేదు. పుస్తకమో విమానమో, ఇద్దర్లో ఒకళ్లు అబద్ధం చెప్తున్నారు. ఎవరో తేలాక మొదలెడతాను."

మా ఆయన నా వంక చూసి కళ్లు చికిలించారు. ఈ లెక్కన వచ్చే సంక్రాంతికి కూడా కదలదని దాని అర్థం.

అంతర్వేది దగ్గర సముద్రపొడ్డు ఊరు పెద్దాయనది, వేటకెళ్లే కుటుంబం. విమానాల పని సైన్యంలో నేర్చుకున్నారు. ఆయన బతుకు గురించి నాకు తెలిసింది ఇంతకు మించి ఎక్కువ లేదు. అలవాట్లు మాత్రం చాలా తెలుసు. సీలింగ్ ఫ్యాను కింద పడుకునేవారు కాదు, లాడ్జిలో మంచాన్ని గోడవారకి లాక్కునేవారు. బస్సెక్కే ముందు టైరు చూసేవారు. ఇడ్లీని రెండుగా విరిచి, లోపల ఏముందో చూసి గాని నోట్లో పెట్టుకునేవారు కాదు. ఎవరైనా ఎండగా ఉందంటే బయటికి వెళ్లి ఆకాశం చూసి వచ్చేవారు. దేన్నైనా ముందు వేళ్ల వెనక వైపుతో తాకి, ఆ తర్వాత అరచేత్తో తడిమేవారు.

ఆ షెడ్డులో ఒక మాట నిషేధం. "బాగానే ఉంది" అనకూడదు. "చూశాను" అనాలి. ఒకరోజు మా ఆయన చక్రం వైపు చెయ్యి చూపించి, "ఇది బాగానే ఉంది కదండీ" అన్నారు. పెద్దాయన పని ఆపి, "ఎవరు చెప్పారు సార్? ఎప్పుడు చూశారు? ఏ వెలుతుర్లో చూశారు?" అని వరసగా అడిగారు. మా ఆయన "అనుమానం పెనుభూతం అన్నారు ఇంజనీరు గారూ" అని తర్వాత వేళాకోళం చేస్తే, "ఎవరన్నారు సార్?" అని ఆ సామెతని కూడా నిలదీశారు.

సాయంత్రం లాడ్జికెళ్లేముందు ఇంజను కింద వార్తాపత్రిక పరిచేవారు. పొద్దున్నే వచ్చి దాని ముందు గొంతుక్కూర్చుని, చుక్కలేమైనా పడ్డాయేమో, పడితే నూనెదో పెట్రోలుదో, నిన్నటికంటే ఎడంగా పడిందా అని చూసేవారు. అందులో అచ్చేసిన వార్తలు మాత్రం ఎప్పుడూ చదవలేదు. అవి నమ్మరనుకుంటాను.

నా అనుమానం ఆయన మీద రోజురోజుకీ ముదిరింది. మా ఆయనకి ఓపిక తక్కువ, నాకు నమ్మకం తక్కువ. పని తెలియక కాలయాపన చేస్తున్నారేమో అనిపించేది. రోజూ నాలుగున్నరకి షెడ్డు వెనక్కి వెళ్లి ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడేవారు. మూలనున్న చెక్కపెట్టెకి వేరే తాళం. ఒకరోజు ఆ తాళం వేయడం మరిచిపోయి బయటికి వెళ్లారు. నేను తీశాను. లోపల వరసగా గాజు సీసాలు. ఒక్కో దాని అడుగున లేత నీలం రంగు ద్రవం. సంగతి అర్థమైపోయింది అనుకున్నాను. ముసలాయన పగలే మొదలెడుతున్నారన్నమాట! ఒక సీసా మూత తీసి వాసన చూశాను.

"నీళ్లున్నాయేమో చూస్తున్నారా అమ్మా?" అని వెనక నుంచి వినపడింది.

నా చేతిలో సీసా జారినంత పనైంది. కోప్పడతారని చూశాను. ఆయన మొహంలో కోపం లేదు, ఏదో సంతోషం ఉంది.

"పెట్రోల్లో నీళ్లు వాసనకి తెలీదమ్మా. ఇలా కదపాలి. కదిపి వెలుతురుకి పట్టుకోవాలి. కింద బుడగలా కూర్చుంటే అది నీళ్లు." సీసా తీసుకుని చూపించారు. రోజూ విమానం ట్యాంకు లోంచి ఆ నీలం రంగు పెట్రోలు కాస్త పట్టి తేదీ వేసి దాస్తున్నారట. "మూడు రోజులు లేదు. నాలుగో రోజు వచ్చింది. అంటే ఎక్కడో సీలు కారుతోంది. మీకెందుకు అనుమానం వచ్చింది?"

అసలు సంగతి చెప్పలేదు. "ఊరికేనండి" అన్నాను.

"ఊరికే రావాలమ్మా. కారణం దొరికాక వచ్చేదాన్ని అనుమానం అనరు."

ఆ రోజు నుంచి నన్ను తన జట్టులో చేర్చుకున్నారు. ఇంజను సిలిండర్లలోకి సన్నని గొట్టంతో కెమెరా దింపినప్పుడు తుప్పు మచ్చలు నాకూ చూపించారు. రెక్కలోంచి ఎలుక గూడు లాగినప్పుడు, గాలి గొట్టంలోంచి కందిరీగల మట్టి గూడు పొడిచి తీసినప్పుడు, మా ఆయన కంటే ముందు నన్ను పిలిచారు. మేమిద్దరం చెరో టార్చీ పట్టుకుని విమానం పొట్ట కింద దూరి, ఎవరికి ఎక్కువ లోపాలు దొరుకుతాయా అని పోటీ పడ్డట్టుగా ఉండేది. నాకు లోపం దొరికిందంటే ఆయన మొహం వెలిగిపోయేది.

నాలుగున్నర ఫోన్ల సంగతి కూడా అప్పుడే తెలిసింది. వేటకెళ్లిన మేనల్లుళ్లు ఒడ్డుకి చేరారో లేదో ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటారట, రోజూ. "మా వాళ్లు బాగుచేసిన పడవని నీళ్లలోకి తోసే ముందు ఒడ్డునే అందులోకి నీళ్లు పోస్తారమ్మా. లోపలి నీళ్లు ఎక్కణ్ణించి బయటికి కారుతున్నాయో చూస్తే, రేపు బయటి నీళ్లు ఎక్కణ్ణించి లోపలికొస్తాయో తెలుస్తుంది. మా నాన్నా మా అన్నా ఒకసారి ఆ పని చెయ్యలేదు. బాగానే ఉంది అని ఎల్లారు" అని చెప్పి, చేతిలో ఉన్న గొట్టాన్ని బిగించుకున్నారు. నేను టార్చీ సరిగ్గా పట్టుకున్నాను.

మూడో వారం చివరికి పని పూర్తయింది. ఇంటికి తెచ్చుకోవడానికి మాత్రం ఎగరనిచ్చే అనుమతి కాగితం చేతికొచ్చింది, దానికి వారమే గడువు. పడమటి నుంచి వానలు వస్తున్నాయి. మర్నాడు పొద్దున్నే ఆ చుట్టుపక్కల ఒకసారి ఎగిరి చూడటం, ఆ తర్వాత ఇంటికి రావడం. రెండుసార్లూ మా ఆయన పక్కన పెద్దాయన కూర్చుంటారు. అది ఆయన నియమం. సంతకం పెట్టినవాడు పక్కన కూర్చోకపోతే ఆ సంతకానికి విలువేంటి అంటారు.

ఆ సాయంత్రం ఆఖరిసారి ప్రతి నట్టూ ముట్టుకుని చూసి షెడ్డుకి తాళం వేశారు. "పొద్దుట నేను తలుపు తీసేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదమ్మా, నేనైనా సరే" అని తాళంచెవి నా చేతిలో పెట్టారు. "మీ దగ్గరుంచండి. సార్ దగ్గరుంటే తొందరపడతారు. నా దగ్గరుంటే నాకు నిద్ర పట్టదు. సార్‌కి చెప్పకండి."

నా మీద నాకే గౌరవం పెరిగింది.

బయల్దేరేటప్పుడు మా అత్తగారు నా సంచిలో పెనుగొండ అమ్మవారి దగ్గర పూజ చేయించిన పసుపూ కుంకుమా పెట్టారు. "ఎగిరే ముందు దానికి బొట్టు పెట్టు, మరిచిపోకు" అని ఒట్టు వేయించుకున్నారు. మా వైపు మోటారు సైకిలు నుంచి వరికోత యంత్రం దాకా పసుపు రాసి బొట్టు పెట్టనిదే గడప దాటనివ్వం. ఆ సంగతి ముందే అడిగితే పెద్దాయన ఒప్పుకోలేదు. "దిగాక పెట్టుకోండమ్మా, ఒళ్లంతా పెట్టండి" అన్నారు. నాకు కోపం వచ్చింది. దిగాక ఎందుకు, దిగడానికే కదా పెట్టేది?

తెల్లవారుతూనే నేనే వెళ్లి తాళం తీశాను. మొదట ప్రొపెల్లరుకి పెట్టాను, తర్వాత ముందు చక్రానికి పెట్టాను. ఎడమవైపు తలుపుకి కాస్త ముందు, చేతికందే ఎత్తులో, రూపాయి బిళ్లంత మెరిసే గుండ్రని రేకు ఉంది. మధ్యలో సన్నని చిల్లు. బొట్టు పెట్టడానికే చేసినట్టు ఉంది. తడి పసుపు బొటనవేలితో అద్ది, గట్టిగా నొక్కి, పైన కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. ఇదంతా మా ఆయన్ని క్షేమంగా ఇంటికి చేర్చమనే. తాళం వేసి లాడ్జికి వచ్చేశాను. మూడు వారాలు ప్రతి నట్టు గురించీ అడిగినదాన్ని ఆ చిల్లు దేనికని ఒక్కసారీ అడగలేదు.

ఆరున్నరకి పెద్దాయనకి తాళంచెవి ఇచ్చాను. మా ఆయన కొత్త టోపీ పెట్టుకుని బయట టీ తాగుతున్నారు. ఆకాశం అద్దంలా ఉంది. పది నిమిషాలకి పెద్దాయన బయటికొచ్చి, వెనకాలే షెడ్డు తలుపు మూసేశారు.

"ఇవాళ కాదు సార్."

"ఏమైంది?"

"అనుమానంగా ఉంది."

"దేని మీద?"

"నా మీదే సార్. ఒక పని సరిగ్గా చేశానో లేదో. రెండు రోజులు పడుతుంది."

మా ఆయనకి తిక్కరేగింది. మూడు వారాల విసుగంతా ఒక్కసారి బయటికొచ్చింది. వాన వస్తోందని, గడువు అయిపోతోందని, వయసైపోయిన మనిషిని నమ్ముకోవడం తన బుద్ధి తక్కువని, ఎగరాలంటే కాళ్లు వణికే పిరికివాళ్లు ఈ పనికి ఎందుకొస్తారో తెలియదని, ఇంకా చాలా అన్నారు. పెద్దాయన చేతులు వెనక్కి పెట్టుకుని అన్నీ విన్నారు. ఆ చేతుల్లో ఒక గుడ్డపీలిక ఉంది. నేను పక్కకి నిలబడ్డాను కాబట్టి నాకు కనపడింది. పసుపు పచ్చగా ఉంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి కొంగు చాటుకి వెళ్లిపోయింది. ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు.

మధ్యాహ్నం మా ఆయన అలిగి పడుకున్నాక షెడ్డుకి వెళ్లాను. పెద్దాయన విమానం లోపల దూరి, ఆ చిల్లు నుంచి వెళ్లే సన్నని గొట్టాన్ని ఊడదీస్తున్నారు. నా వైపు చూడలేదు.

"పసుపు లోపల గట్టిపడిపోయింది. పైన తుడిస్తే పోయేది కాదు" అన్నారు. "బయటి గాలి ఒత్తిడి ఆ చిల్లు లోంచే తెలుస్తుందమ్మా మీటర్లకి. మూసుకుపోతే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు."

తెలుసు. ఇరవై ఏళ్లుగా చెప్తున్న పాఠం అది. "పైకి వెళ్తున్నా ఎత్తు మారదు. నేల మీదే ఉన్నట్టు చూపిస్తుంది" అన్నాను.

"స్పీడు?"

"ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది."

"స్పీడు తగ్గిపోతోందని కనపడితే సార్ ఏం చేస్తారు?"

"ముక్కు కిందికి దించుతారు."

"ఎదురుగా ఏముంది?"

రన్‌వే చివర కొండలున్నాయి. నేను అక్కడే కూలబడ్డాను. మూడు వారాలు నేను ఎవరి మీద కన్నేసి ఉంచాలో వాళ్ల మీద తప్ప అందరి మీదా కన్నేశాను. మా ఆయన్ని చంపబోయింది ఆ విమానం కాదు, ముసలాయన కాదు, నేను. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

"ఇప్పుడే వెళ్లి చెప్పేస్తానండి" అన్నాను.

"వద్దమ్మా." అప్పుడు ఇటు తిరిగారు. "ఎల్లుండి గాల్లోకి లేచే మనిషికి విమానం మీద అనుమానం ఉండాలి. అది మంచిదే. ఇంటి మనిషి మీద కూడా ఉంటే చెయ్యి వణుకుతుంది. నన్ను పిరికోడనుకోనీండి, నాకేం పోదు. దిగాక చెప్పండి. మధురపూడిలో దిగిన రోజు మీరే చెప్పండి."

"తప్పకుండా చెప్తానండి" అన్నాను.

"ఇంక ఈ తాళం నా దగ్గరే ఉంటుందమ్మా" అన్నారు. గొంతులో కోపం లేదు. అయినా ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండు రోజుల తర్వాత ఎగిరారు. షెడ్డు దగ్గర నిలబడి చూశాను. లేచింది, కొండల పక్కనుంచి గుండ్రంగా తిరిగింది, దిగింది. ఆ సాయంత్రమే నేను రైలెక్కి వచ్చేశాను. గడువు చివరి రోజున, మధ్యలో ఒకచోట దిగి పెట్రోలు పోసుకుని, కొవ్వూరు వైపు నుంచి వంతెనల మీదుగా గోదావరి దాటి, మధ్యాహ్నం మూడింటికి మధురపూడిలో దిగారు. మా అత్తగారు, తోడికోడళ్లు, దండలు, కొబ్బరికాయలు. మా ఆయన దండలో మునిగిపోయారు. పెద్దాయన రెండో వైపు నుంచి దిగి, చక్రాన్ని వేళ్ల వెనక వైపుతో తాకి చూసి, నా దగ్గరకొచ్చారు.

"దిగామమ్మా" అన్నారు.

ఎందుకన్నారో నాకు తెలుసు. "థాంక్సండి" అని, హారతి పళ్లెం అందుకునే వంకతో అటు తిరిగిపోయాను. అంతమందిలో ఎలా చెప్పను? రేపు చెబుదామనుకున్నాను. ఆలోగా మా ఆయన మొదలుపెట్టేశారు: "ఆకాశం అద్దంలా ఉందండీ, ఈయన మాత్రం వణికిపోతూ ఇవాళ కాదు సార్ అంటారు!" అందరూ నవ్వారు. పెద్దాయన కూడా కాస్త నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ కథ తర్వాత మా ఇంట్లో స్థిరపడిపోయింది. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, కొత్తవాళ్లెవరైనా విమానం గురించి అడిగితే చాలు. మా ఆయన మంచి కథకులు. పెద్దాయన గొంతు, నడుం వంచి నిలబడే తీరు, అన్నీ దింపేవారు. అందులో ద్వేషం లేదు, ప్రేమే ఉంది. ఏటా తనిఖీకి ఆయన్నే పిలిచేవారు. పిలిచి, ఆయన ముందే ఆ కథ చెప్పేవారు.

మొదటి ఏడు వచ్చినప్పుడు, కాఫీ ఇస్తుంటే మెల్లిగా అడిగారు. "సార్‌కి చెప్పారా అమ్మా?"

"చెప్పానండి" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. నేను గ్లాసు వైపు చూశాను. అప్పటికి పది నిమిషాల ముందే మా ఆయన పిరికి ఇంజనీరు కథ చెప్పి నవ్వించారు. అయినా, "సరేనమ్మా" అన్నారు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. జీవితంలో ఆయన ముట్టుకుని చూడకుండా వదిలేసిన మాట బహుశా అదొక్కటే.

పెద్దాయన పోయిన పదకొండో రోజుకి ఇద్దరం బయల్దేరాం. నరసాపురం దగ్గర కారుతో సహా పంటు పడవ ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, సముద్రపొడ్డు ఊరికి చేరాం. రెండు గదుల డాబా ఇల్లు, వాకిట్లో షామియానా. పెద్దాయన భార్య మమ్మల్ని గుర్తుపట్టి కుర్చీలు వేయించారు. చుట్టూ చుట్టాలు కూర్చున్నారు. మా ఆయన కళ్లు తుడుచుకున్నారు, ఆ తర్వాత అందరికీ కాస్త ఊరటగా ఉంటుందని ఆ కథే ఎత్తుకున్నారు. అద్దంలాంటి ఆకాశం, తలుపు మూయడం, ఇవాళ కాదు సార్. కుర్రాళ్లు నవ్వారు. ఆవిడ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"అవునండి, ఆరికి అన్నీ అనుమానాలే" అన్నారావిడ. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మీ గురించి మాత్రం ఎంత బాగా చెప్పేవోరో అమ్మా. ఆ ఊళ్లో తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు, పెనుగొండ అమ్మగారికే ఇచ్చాను, నాకంటే జాగ్రత్త అనేవోరు" అన్నారు.

ఇంక నా వల్ల కాలేదు. అక్కడే, అందరిలో చెప్పేశాను. తెల్లవారుజామున తాళం తీయడం, పసుపు, ఆ చిల్లు, ఆయన చేతిలో గుడ్డపీలిక, నన్ను కాపాడటానికి ఆయన పడ్డ మాటలు, దిగాక చెప్తానన్న మాట, చెప్పానని ఆడిన అబద్ధం. ఏదీ దాచలేదు. చెప్తున్నంతసేపూ ఆవిడ వైపే చూశాను. మా ఆయన వైపు చూసే ధైర్యం లేదు.

ఆవిడ, "మీరే పెట్టారని ఆరికి తెలుసా అమ్మా?" అన్నారు.

"తెలుసండి."

"నాకు కూడా చెప్పలేదు చూడండి" అని, "భోజనానికి లేవండి" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు మా ఆయన కారు పంటు మీదికి ఎక్కించి, ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులుంచి కూర్చున్నారు. పంటు కదిలాక అడిగారు.

"ఆరేళ్ల నుంచి ఆ కథ చెప్తున్నాను. ఎన్నోసార్లు ఆయన ఎదురుగానే చెప్పాను. నువ్వు నా పక్కనే కూర్చుని నవ్వేదానివి."

"నవ్వాను."

"ఎలా నవ్వగలిగావు?"

"మొదటిసారి కష్టమైందండి. తర్వాత అలవాటైపోయింది."

ఆయన తలుపు తీసుకుని దిగి, పంటు అంచుదాకా వెళ్లి, నరసాపురం రేవు వచ్చేదాకా అక్కడే నిలబడ్డారు.